32 అంగుళాలు: షామియానా పికప్‌ను కిందికి దించిన ఒక కేసు

పాత పికప్‌ను కిందికి దించమని మా షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది కుర్రాళ్లు. బండి చూడ్డానికి బాగుండాలని అడుగుతారు. ఈ కేసులో వచ్చినాయన మాత్రం తన నడుం కోసం అడిగారు. చివరికి ఆయన కోరిన ఎత్తుకే బండి దిగింది, ఖర్చు కూడా అనుకున్న దాంట్లోనే తేలింది. కానీ మధ్యలో నేను చూడకుండా వదిలేసిన ఒక కడ్డీ వల్ల ఆయన బండితో సహా చెరువులో పడాల్సింది. కమాన్ల (బండి బరువు మోసే ఉక్కు పట్టాల స్ప్రింగుల) పని చేసేవాళ్లకి, పాత బండి కొనేవాళ్లకి ఉపయోగపడుతుందని, ఎక్కడ ఏమనుకుని ఏం చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి కంపెనీ, నంబరు రాయడం లేదు.

బండి వెనకటి కథ

నెల్లూరు జిల్లాలో హైవేకి తూర్పున, సముద్రం వైపు ఉన్న ఒక ఊళ్లో ఆయనకు షామియానా సప్లై ఉంది. కుర్చీలు, బల్లలు, గుంజలు, పరదాలు, డేగిసాలు, గంగాళాలు, అప్పుడప్పుడూ ఒక జనరేటరు. పెళ్లిళ్ల సీజన్లో రోజుకు రెండు చోట్ల దించాలి, రెండు చోట్ల ఎత్తాలి. వయసు యాభై దాటింది. అంతకుముందు ఏడాది నడుముకు ఆపరేషన్ అయింది. పనికి వచ్చే కుర్రాళ్లు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండరు.

బండి ఇరవై ఏళ్ల నాటిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ముందు యజమాని ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు గ్రానైట్ పలకలు తోలేవాడు. ఆ రాయి బరువు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు 55 కిలోలకు తగ్గదు. పది పలకలు చూడ్డానికి చిన్న కట్టలాగే ఉంటాయి, కానీ అప్పటికే అర టన్ను దాటిపోయి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన కమాన్లతో ఆ లోడు మోయడం కష్టమని రాళ్లు తోలేవాళ్లు బండిని తమ అవసరానికి మార్చుకుంటారు. ఈ బండికీ అదే జరిగింది. కొనేటప్పుడు ఆ సంగతి ఈయనకు తెలియదు. బండి గట్టిదని మాత్రం చెప్పారట.

వెనక చక్రాలకు కమాను కట్టలు, ముందు టార్షన్ బార్లు. అంటే ముందువైపు కమాను ఉండదు, ఛాసిస్ (బండి చట్రం) వెంట పోయే ఉక్కు కడ్డీ మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. మన వైపు తిరిగే పాత పికప్‌లలో ఈ అమరిక ఉన్నవి, ముందు కూడా కమాన్లే ఉన్నవి రెండూ కనిపిస్తాయి. పని మొదలుపెట్టేముందు ఇది చూసుకోవాలి. రెండింటినీ దించే పద్ధతి ఒకటి కాదు.

ఆయన అడిగింది

"తమ్ముడూ, నాకు 32 అంగుళాలు కావాల" అన్నారు షెడ్డులోకి వస్తూనే.

ఆ లెక్క ఎక్కడిదని అడిగితే చెప్పారు. వాళ్ల వంట బల్ల ఎత్తు 32 అంగుళాలు. దాని మీదికి డేగిసా ఎత్తితే నడుం పట్టదు. బండి మీదికి ఎత్తితే పట్టేస్తోంది. బండి కొన్న కొత్తలో నేల నుంచి బాడీ ఫ్లోరు 37 అంగుళాల పైన ఉందని ఆయనే టేపు పెట్టి చూసుకున్నారు. పది వేలకు మించి పెట్టలేనని కూడా ముందే చెప్పారు.

నా దగ్గరికి వచ్చేసరికి ఫ్లోరు ఎత్తు కుడివైపు 36½ అంగుళాలు, ఎడమవైపు 35½. బండి ఎడమకు ఒరిగి ఉంది. ఖాళీ బండి అంగుళం ఒరిగిందంటే కింద ఏదో జరిగి ఉండాలి.

"ఇంతకుముందు ఎక్కడైనా చూపించావా అన్నా?"

"చూపించినా. గ్యాసు పెట్టి కాల్చినారు. అదే చవకన్నారు. రెండు వారాలు బాగుండింది, ఆ తర్వాత ఇట్టా పక్కకి వాలిపోయింది."

కాల్చిన కమాను

కట్ట విప్పకుండానే పక్క నుంచి గ్యాసు మంట పెట్టి, ఎర్రబడ్డాక బండి బరువుకే వంగనిచ్చారు. విప్పి చూస్తే రెండువైపులా మెయిన్ పట్టా, దాని కింది రెండో పట్టా నీలం, నలుపు మచ్చలు దేరి ఉన్నాయి. ఎడమవైపు రెండో పట్టాకు ఆ మచ్చ అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది.

కమాను పట్టాను ఫ్యాక్టరీలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో పెట్టి పదును పడతారు. వంగి మళ్లీ లేచే గుణం ఆ పదును వల్లే వస్తుంది. ఎర్రగా కాలిస్తే ఆ మేరకు పదును పోతుంది. అక్కడ పట్టా వంగుతుంది, మళ్లీ లేవదు. ప్రతి గుంతకు ఇంకాస్త వంగుతూ పోతుంది. కాలిన చోటుకీ కాలని చోటుకీ మధ్య అంచు ఉంటుందే, విరిగేది అక్కడే. రెండువైపులా ఒకేలా కాల్చడం ఎవరి వల్లా కాదు, కాబట్టి ఒరగడం ఖాయం. కాల్చిన పట్టాను మళ్లీ కొట్టి నిలబెట్టినా ఆ పదును తిరిగి రాదు. నాలుగు పట్టాలూ తీసి పక్కన పడేయమన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. పది వేలలో సగానికి పైగా వీటికే పోతుందని ఆయనకు అర్థమైంది.

వద్దనుకున్న దారులు

ఆయన ఫోన్లో చూసి, రెండంగుళాల ఇనప దిమ్మలు ఒక జత చేయించుకుని వచ్చారు. కమానుకూ హౌసింగ్‌కూ (వెనక ఇరుసు ఉండే గొట్టానికీ) మధ్య పెడితే బండి దిగుతుందని విన్నారట. అది కమాను హౌసింగ్ కింద ఉండే బండ్లకి. అక్కడ దిమ్మ పెడితే హౌసింగ్‌కు కమాను ఇంకా కిందికి పోతుంది, దాంతోపాటు బాడీ దిగుతుంది. ఈయన బండిలో కమాను హౌసింగ్ పైన కూర్చుని ఉంది. ఇక్కడ అదే దిమ్మ పెడితే బాడీ రెండంగుళాలు లేస్తుంది. మాటలతో చెబితే నమ్మరని బండి కిందికి తీసుకెళ్లి చేత్తో చూపించాను.

షాకిళ్లు పొడుగువి వేయమని ఇంకెవరో చెప్పారట. ఈ బండిలో షాకిల్ ఛాసిస్ నుంచి కిందికి వేలాడి కమాను చెవిని పట్టుకుంటుంది. దాని పొడుగు పెంచితే బండి లేస్తుందే గానీ దిగదు. కమాను ఒక కొస మాత్రమే కదులుతుంది కాబట్టి షాకిల్ రెండంగుళాలు పెరిగితే హౌసింగ్ దగ్గర తేడా అంగుళమే ఉంటుంది. ఈ మాట చెబుతూ షాకిల్ మీద చెయ్యి వేసినప్పుడే అది నాకు మామూలుకంటే పొడుగ్గా అనిపించింది. తర్వాత పనంతా అక్కడి నుంచే మలుపు తిరిగింది.

మూడో దారి, హౌసింగ్‌ను కమాను కింద నుంచి తీసి పైకి ఎక్కించడం. హౌసింగ్ గొట్టం మందం, కట్ట మందం కలిపి ఒక్కసారే అయిదారు అంగుళాలు దిగుతుంది. ఆయన కోరింది సరిగ్గా అంతే, అందుకే ఆశపడ్డారు. నేను ఒప్పుకోలేదు. కంపెనీ ఎత్తులో ఉన్న ఇలాంటి బండికి హౌసింగ్‌కూ, అది ఛాసిస్‌కు తగలకుండా ఆపే బంప్ స్టాపర్ రబ్బరుకూ మధ్య ఖాళీ నాలుగు, నాలుగున్నర అంగుళాలే ఉంటుంది. ఆరంగుళాలు దించితే హౌసింగ్ ఛాసిస్‌ను తన్నుకుంటుంది. అప్పుడు ఛాసిస్‌ను కోసి వంపు తీయాలి. కమాను కూర్చునే పీటలు హౌసింగ్ కిందివైపు కొత్తగా వెల్డింగ్ చేయాలి. ఆ పీటల కోణం అటూ ఇటూ అయితే పినియన్ ముక్కు (ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్టు హౌసింగ్‌కు కలిసే చోటు) తిరిగిపోయి, ఆ షాఫ్టు కొసల్లోని జాయింట్ క్రాస్‌లు అరుగుతాయి. షోకు కోసం ఖాళీగా తిరిగే బండికి చేసుకుంటారేమో గానీ, జనరేటరు ఎక్కే బండికి నేను చేయను. పైగా ఇది కమర్షియల్ బండి. ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోవాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఛాసిస్ కోసిన బండికి రేపు ఏదైనా జరిగితే ఆయన పక్కన ఎవరూ నిలబడరు.

కంపెనీ పట్టాల్లోంచి ఒకటి తీసేయడం కూడా ఒక దారే, చాలామంది చేస్తారు. కుర్చీలు మాత్రమే మోస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ జనరేటరు ఎక్కిన రోజున మిగిలిన పట్టాలు విరుగుతాయి. అదీ వద్దనుకున్నాను.

ఇంత ఎత్తు ఎందుకుంది?

ఇన్ని వద్దన్నాక మిగిలిన ప్రశ్న ఇదొక్కటే. ఏ కంపెనీ అయినా లోడు ఎత్తే పికప్‌ను 37 అంగుళాల ఫ్లోరుతో ఎందుకిస్తుంది? నాకు తెలిసిన ఒకాయన దగ్గర అదే మోడల్ పాల బండి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున పాలు పోసి వచ్చాక షెడ్డుకు రమ్మన్నాను. రెండు బండ్లనూ పక్కపక్కన సమతలంగా ఉన్న సిమెంటు గచ్చు మీద పెట్టి, టైర్లలో గాలి సమానం చేసి, టేపు పట్టుకుని కిందికి దూరాను. ఈ కేసులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే.

పాల బండి కట్టలో ఉన్నవాటికంటే ఈయన కట్టలో రెండేసి పట్టాలు ఎక్కువ. లోపల ఇరికించినవి పాత లారీ పట్టాలను కోసి చేసినవి. ఒక్కోటి 8 మిల్లీమీటర్ల మందం. ఆ మందమే 16 మిల్లీమీటర్లు బాడీని ఎత్తుతుంది, ఆపైన వాటి బిగువు వల్ల ఇంకో అంగుళానికి పైగా. రెండూ కలిపి అంగుళం ముప్పావు. షాకిళ్లు రెండంగుళాలు పొడుగు, దాని వల్ల ఒక అంగుళం.

టైర్లు కూడా వేరే సైజు. కంపెనీ పుస్తకంలో ఉన్నది 215/75 ఆర్ 15. దాని నిలువు కొలత 703 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వేసి ఉన్నవి 7.00-15 రకం, దాదాపు 750. నిలువులో తేడా 47 అయితే బండి ఎత్తులో తేడా అందులో సగం, సుమారు 0.9 అంగుళం.

నాలుగోది చూసి నాకే ఆశ్చర్యమేసింది. బాడీ ఫ్లోరు అనుకుని ఆయన ఇన్నాళ్లూ కొలుస్తున్నది అసలు ఫ్లోరే కాదు. రాళ్లు పడితే రేకు చొట్టలు పోకుండా రెండంగుళాల మందం చెక్కలు పరిచి, వాటి మీద గళ్ల ఇనప రేకు బిగించారు. మొత్తం రెండుంబావు అంగుళాలు. బరువు 200 కిలోల పైనే.

కూడితే దాదాపు ఆరంగుళాలు. ఆయన ఎంత దించమన్నారో అంతా ముందు యజమాని కలిపిందే. కంపెనీ ఇచ్చిన దాంట్లోంచి ఒక్క అంగుళం కూడా తీయక్కర్లేదు. ఆ కాగితం ఆయనకు చూపించినప్పుడు ఇద్దరికీ సంతోషమైంది. నాలుగు తేడాలు దొరికాయి కదా అని నేను వెతకడం ఆపేశాను. అయిదోది ఉంది.

పని వరస

ముందు చెక్కలు, రేకు తీసేశాం. పైసా ఖర్చు లేని పని అని కాదు, ఆ బరువు ఉన్నంతకాలం కమాను అసలు ఎత్తు తెలియదు. తీశాక ఫ్లోరు రెండుంబావు దిగాలి కదా, కానీ 200 కిలోల బరువు పోయేసరికి వెనక భాగం ముప్పావు అంగుళం లేచింది. దిగింది అంగుళంన్నరే, కుడి 35, ఎడమ 34. ఆయన నిరాశపడ్డారు. ఆ పైకి లేవడం అన్నీ అయ్యాక లెక్కలోకి వస్తుందని, ఇప్పుడే కమాను తగ్గించమని తొందరపడొద్దని చెప్పాను.

తర్వాత కట్టలు. లారీ పట్టాలు తీసేశాం, కాల్చిన నాలుగింటి చోట కొత్తవి వేశాం. పాత సామాన్ల కొట్లో అదే మోడల్ పట్టాలు సగం ధరకు దొరుకుతాయి. మెయిన్ పట్టా మాత్రం ఎవరు ఎంత మోయించి ఎన్నేళ్లు తిప్పారో తెలియంది వేయను, ఇరుసును పట్టి ఉంచేది అదే కదా. కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవి, పొట్టివి తెప్పించాను. కట్ట పలచబడ్డాక పాత పొడుగు బోల్టులే వాడితే మర చివరికొచ్చి నట్టు ఆగిపోతుంది. స్పానరుకు బిగిసినట్టే తగులుతుంది, కింద కట్ట మాత్రం వదులుగానే ఉంటుంది. వదులైన కట్టకు, పట్టాలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగుతుంది, హౌసింగ్ వెనక్కి జరుగుతుంది. ఈ ఒక్క కారణంతో పక్కకు నడిచే బండ్లు నెలకొకటైనా మా దగ్గరికి వస్తుంటాయి.

షాకిళ్లు అదే మోడల్‌కు చెందిన పాతవి దొరికాయి. వాటికి అరుగుదల తక్కువ, రబ్బరు బుష్‌లు మాత్రం కొత్తవి వేశాం. బుష్ బోల్టులను బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడు గట్టిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద కూర్చున్నాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి ఆరు నెలల్లో చిరిగిపోతుంది, బండి కూడా అర అంగుళం ఎత్తుగా నిలబడి మనల్ని మోసం చేస్తుంది.

ఇంతా అయ్యేసరికి రెండువైపులా 33 అంగుళాలు.

ఇప్పుడు ముక్కు లేచింది. వెనక దిగి ముందు అలాగే ఉంటే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. పాల బండితో పోల్చితే ముందు కూడా అంగుళం దాకా పైకి తిప్పి ఉంది, వెనక ఎత్తుకు సమానంగా ఉండాలని చేసి ఉంటారు. టార్షన్ బార్ బోల్టును తిప్పితే సస్పెన్షన్ గట్టిపడుతుందనో మెత్తబడుతుందనో చాలామంది అనుకుంటారు. బోల్టు మార్చేది ఎత్తును మాత్రమే. గట్టిదనం కడ్డీ మందం, పొడుగు బట్టి ఉంటుంది. మర మీద పెయింటు గుర్తు పెట్టి, రెండువైపులా సమానంగా చుట్లు లెక్కపెట్టుకుంటూ వదిలాను. ప్రతిసారీ బండిని ముందుకూ వెనక్కూ రెండు గజాలు దొర్లించి, కుదురుకున్నాకే కొలిచాను. జాకీ దించిన వెంటనే కొలిస్తే టైర్లు నేలను పట్టుకుని పక్కకు జరగక తప్పు కొలత వస్తుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాం, హెడ్‌లైట్లు గోడ మీద పడేసి సరిచేశాం.

చివరగా లోడు పరీక్ష. పక్క కొట్టు నుంచి 20 సిమెంటు బస్తాలు అడిగి తెచ్చి ఎక్కించాం. టన్ను బరువు, ఆర్‌సీలో ఉన్న పరిమితి అంతే. ఖాళీగా ఉన్నప్పుడు బంప్ రబ్బరుకూ హౌసింగ్‌కూ మధ్య 4½ అంగుళాలు. టన్ను ఎక్కాక 1¼. షాక్ అబ్జార్బర్ ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆ లోడుతోనే ఊరి బయటి దాకా తోలాను, ఎక్కడా తగల్లేదు. ఖాళీ బండి తోలాను, బ్రేకు వేసి చూశాను. ఎండ, పొడి రోడ్డు. బాగుంది.

టైర్లు ఎలాగూ అరిగాయి కాబట్టి దసరా తర్వాత ఆయనే కంపెనీ సైజువి వేయించుకున్నారు. ఫోన్ చేసి, "32 వచ్చింది తమ్ముడూ, సరిగ్గా వంట బల్ల ఎత్తు" అన్నారు.

చెరువు కట్ట మీద

కార్తీక మాసం, ముసురు పట్టి మూడో రోజు. ఒక పెళ్లి సామాను దించి సాయంత్రం ఖాళీ బండితో వస్తున్నారు. చెరువు కట్ట మీద రోడ్డు. గేదె అడ్డం వచ్చింది, బ్రేకు తొక్కారు. ముందు చక్రాలు పట్టుకోకముందే వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. బండి తోక జారి అడ్డంగా తిరిగి, చెరువు వైపు అంచున సర్కారు తుమ్మ పొదల్లో ఆగింది. ఆ పొద లేకపోతే ఏమయ్యేదో ఆ తర్వాత చాలా రాత్రులు ఆలోచించాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "వాన కదా" అన్నారు.

నాకు వాన అనిపించలేదు. ఆ స్పీడులో వాన ఒక్కటే తోకను తిప్పదు. మర్నాడు బండి తెప్పించి వరసగా ఒక్కోటీ తీసేసుకుంటూ వెళ్లాను. టైర్లు కొత్తవి. డ్రమ్ములు విప్పితే లైనింగ్‌లు పొడిగా, సమానంగా ఉన్నాయి, నూనె కారడం లేదు. బ్రేకు అడ్జస్ట్‌మెంట్ రెండువైపులా సరిగ్గానే ఉంది. ఖాళీ స్థలంలో నీళ్లు కొట్టి, 30 స్పీడులో బ్రేకు వేస్తే గుర్తులు వెనక చక్రాలవే పడ్డాయి. ముందువి దొర్లుతూనే ఉన్నాయి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా ఆపే అమరిక) లేని బండికి ఇది ఉండకూడని లక్షణం. ముందు చక్రాలు ముందు బిగుసుకుంటే బండి నేరుగా జారుతుంది. వెనకవి ముందు బిగుసుకుంటే తిరిగిపోతుంది. అంటే వెనకకు అవసరానికి మించి ప్రెషర్ పోతోంది. ప్రెషర్ పంచేది ఏది? లోడ్ సెన్సింగ్ వాల్వ్.

తెలియనివాళ్లకి నాలుగు మాటలు. పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువు తక్కువ, వాటికి బ్రేకు తక్కువ చాలు. లోడు ఉన్నప్పుడు ఎక్కువ కావాలి. ఆ తేడా చూసుకోవడానికి ఛాసిస్ మీద ఒక వాల్వ్ ఉంటుంది. దాని నుంచి ఒక మీట, ఆ మీట నుంచి హౌసింగ్ దాకా ఒక కడ్డీ. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే కడ్డీ మీటను నెడుతుంది, వాల్వ్ వెనకకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. వాల్వ్‌కు బరువు తెలియదు. ఛాసిస్‌కూ హౌసింగ్‌కూ మధ్య దూరం ఎంతో అదొక్కటే తెలుసు.

బురద, గ్రీజు గీకి చూస్తే ఆ కడ్డీ మధ్యలో అతుకు ఉంది. రెండంగుళాల పైన ముక్క వేసి వెల్డింగ్ చేశారు. బండిని ఎత్తినప్పుడు దూరం పెరిగి బ్రేకు తగ్గిందని గమనించిన ఎవరో తెలివైన మెకానిక్ కడ్డీని పొడుగు చేసి సరిపెట్టాడు. ఆ రోజుకు అది సరైన పనే. నేను బండిని కంపెనీ ఎత్తుకు దించేశాను, కడ్డీ మాత్రం ఎత్తు బండికి చేసినదే మిగిలిపోయింది. దాంతో ఖాళీ బండిని కూడా వాల్వ్ నిండు లోడు అనుకుంది. పొడి రోడ్డు మీద టైరు పట్టు ఎక్కువ కాబట్టి నా పరీక్షలో బయటపడలేదు. సిమెంటు బస్తాలతో తోలినప్పుడైతే ఆ ప్రెషర్ నిజంగానే కావాలి కాబట్టి అసలు బయటపడే అవకాశమే లేదు.

కొందరు ఇలాంటప్పుడు మీటను తీగతో కట్టేస్తారు, లేదా వాల్వ్ తీసేసి పైపు నేరుగా కలిపేస్తారు. మొదటి పని చేస్తే, కట్టేసిన చోటును బట్టి, ఖాళీకో లోడుకో ఏదో ఒకదానికే బ్రేకు సరిపోతుంది. రెండోది ఈయనకు జరిగిన ప్రమాదాన్ని శాశ్వతం చేయడమే. పాత సామాన్లలో అతుకు లేని కడ్డీ తెచ్చి, కంపెనీ పుస్తకంలోని కొలతకు బిగించి, పాల బండి మీట కోణంతో పోల్చి చూశాను. మళ్లీ అదే స్థలంలో నీళ్లు కొట్టి ఖాళీగా, తర్వాత పది బస్తాలతో, తర్వాత ఇరవై బస్తాలతో బ్రేకు వేసి చూశాం. మూడుసార్లూ ముందు చక్రాల గుర్తులే ముందు పడ్డాయి, బండి నేరుగా ఆగింది. ఆ పనికి ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఖర్చు

నాలుగు పట్టాలు 6,400. యూ బోల్టులు, సెంటర్ బోల్టులు 1,300. షాకిళ్లు, బుష్‌లు 1,500. అలైన్‌మెంట్ 700. కూలి 3,000. మొత్తం 12,900 రూపాయలు. గళ్ల రేకు, లారీ పట్టాలు, ఆయన చేయించుకున్న ఇనప దిమ్మలు పాత ఇనుముకు వేస్తే 3,800 వచ్చింది. చేతి నుంచి పడింది 9,100. ముందు చోట కాల్చకుండా ఉండి ఉంటే పట్టాల ఖర్చే ఉండేది కాదు, మూడు వేలలోపే తేలేది. టైర్లు ఎలాగూ మార్చాల్సినవి కాబట్టి లెక్కలో వేయలేదు.

ఆ తర్వాత మార్చుకున్న పద్ధతి

ఎత్తు మార్చమని బండి వస్తే ఇప్పుడు నేను కొలతలు రాసే కాగితంలో కమాను, షాకిల్, టైరు, ఫ్లోరుతోపాటు వాల్వ్ కడ్డీ పొడవు, బ్రేకు గొట్టాల బిగువు, హ్యాండ్ బ్రేకు కేబుల్ సాగుదల కూడా ఉంటాయి. బాడీకీ ఇరుసుకూ మధ్య కట్టి ఉన్న ప్రతిదీ ఆ దూరాన్ని నమ్ముకునే ఉంటుంది. ముందు ఎవరో ఒకదాన్ని మార్చారంటే దానికి జతగా ఇంకేదో మార్చి ఉంటారని అనుకునే వెతుకుతాను. మంచి మెకానిక్ చేతిలో పడిన బండి అయితే ఇంకా శ్రద్ధగా వెతుకుతాను. వాళ్లు అతుకు కనిపించకుండా చేస్తారు.

బ్రేకు పరీక్ష ఖాళీగా, తడి నేల మీద చేయనిదే బండి తాళాలు ఇవ్వడం లేదు. రెండు డ్రమ్ముల నీళ్లు, పది నిమిషాల సమయం, అంతే పని. కస్టమర్‌కు ఆలస్యమవుతుందని విసుగు వస్తుంది. చెరువు కట్ట సంగతి చెబితే ఆగుతారు.

ఇంకొక్కటి, ఇది మా షెడ్డు కుర్రాళ్లకి రోజూ చెబుతున్నాను. వచ్చినాయన "ఆరంగుళాలు తగ్గించండి" అంటే వెంటనే ఎలా తగ్గించాలా అని మొదలుపెట్టొద్దు. ఎవరు, ఎప్పుడు, దేనికి పెంచారో ముందు అడగండి. ఈ బండికి ఆ ప్రశ్న వేసేదాకా మేము నాలుగు తప్పు దారుల గురించి మాట్లాడుకుంటూ సగం రోజు గడిపాం.

ఇప్పటి పరిస్థితి

వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి వచ్చి యూ బోల్టులు బిగించుకుపోయారు. కొత్త పట్టాలు ఒకదాని మీద ఒకటి కూర్చునేదాకా కొంచెం వదులవుతాయి, అది మామూలే. మొన్న వేసవిలో ఎఫ్‌సీ అయింది, బ్రేకు దగ్గర గానీ లైట్ల దగ్గర గానీ ఏ అడ్డూ రాలేదు. ముందు టైర్ల అరుగుదల లోపలి అంచు, బయటి అంచు సమానంగా ఉంది, అంటే అలైన్‌మెంట్ నిలబడింది. వెనక భాగం ఇదివరకటిలా ఎగరడం లేదని, కుర్చీల కట్టలకు తాడు బిగువు తక్కువ పెట్టినా నిలుస్తున్నాయని ఆయన చెప్పారు.

డేగిసాలు, బల్లలు ఆయన ఒక్కరే ఎక్కించుకుంటున్నారు. జనరేటరు మాత్రం 32 అంగుళాలైనా ఒక్క మనిషి పని కాదు. దానికి ఎనిమిదడుగుల వాలు చెక్క, ఇద్దరు మనుషులు ఇప్పటికీ కావాలి. ఆయన ఆపరేషన్ చేయించుకున్న నడుంతో అది ఒంటరిగా తోయకుండా చూడమని వాళ్ల అబ్బాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను.